లేకపోవడం కారణమవుతుందా?

పగడపు దిబ్బ మీద పగడానికీ నాచుకీ చోటు కోసం పోటీ ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది. గెలుపెవరిదన్నది చాలావరకు మూడోవారి చేతిలో ఉంటుంది. నాచును మేసే చేపలు, సీ అర్చిన్లు తగినన్ని ఉంటే రాతి మీద నాచు ఎదగదు, పగడం పెరుగుతుంది. అవి పోతే నెలల్లోనే దిబ్బను నాచు కమ్మేస్తుంది. ఇలా పాడైన దిబ్బల గురించి రాసేటప్పుడు ‘మేసే ప్రాణులు లేకపోవడం వల్ల పగడం నశించింది’ అనడం పరిపాటి. మాట తేలిగ్గానే అర్థమవుతుంది, ఆలోచిస్తేనే చిక్కు. లేకపోవడం దేన్నీ తాకదు, తినదు, విరగ్గొట్టదు. ఏ పనీ చెయ్యనిది ఒక ఫలానికి కారణం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న చాలా పాతది. అభావానికి కారణత్వం ఉందా లేదా అని నైయాయికులు, మీమాంసకులు, వేదాంతులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. గ్రీకుదేశంలో అరిస్టాటిల్ కూడా దీన్ని తడిమాడు. చుక్కాని పట్టేవాడు ఉండడం ఓడ క్షేమానికి కారణమైతే, అతను లేకపోవడాన్ని ఓడ మునగడానికి కారణంగా చెబుతామని అన్నాడు. భారతీయ వాదంలో తరచు వినిపించే ఉదాహరణలు నిప్పు, మణి, కుండ, నేల, నిత్యకర్మ. 1980లలో జమైకా దిబ్బలకు పట్టిన గతిని ఆ వరసలో చేర్చి చూస్తే పాత పక్షాల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. అభావానికి బాధ్యులెవరన్న ధర్మప్రశ్నకూ కొంత జవాబు దొరుకుతుంది.

దిబ్బ మీది పోటీ

పగడం జంతువు. ఒక్కొక్క చిన్న ప్రాణి తన చుట్టూ సున్నపు గిన్నె కట్టుకుంటుంది. దాని కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికీ పెడతాయి. ఈ ఏర్పాటుతో దిబ్బ పెరుగుతుంది గానీ చాలా నిదానంగా. గుండ్రాళ్ళలా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు ఎదుగుతాయి. కండగల పెద్ద నాచులు వారాల్లో జానెడు లేస్తాయి.

ఎదిగిన నాచు పగడాన్ని అనేక విధాలుగా దెబ్బతీస్తుంది. వెలుతురుకు అడ్డం వస్తుంది. అలలకు ఊగుతూ పగడం మెత్తని పైపొరను రాపాడుతుంది. కొన్ని జాతులు తాకినచోట పగడాన్ని చంపే రసాయనాలు వదులుతాయి. నాచు నుంచి నీళ్ళలోకి కారే చక్కెరల మీద బాక్టీరియా పెరిగి, పగడాన్ని అంటిపెట్టుకుని ఉన్న నీటిపొరలో ఆక్సిజన్‌ను తినేస్తుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం పుట్టబోయే తరానికి. పగడపు పిల్ల కొన్ని రోజులు నీళ్ళలో తేలి, గట్టి రాయి చూసుకుని అతుక్కుంటుంది. గులాబి రంగు సున్నపు పొరలా రాతిని అంటుకుని పెరిగే ఒక రకం నాచు దానికి ఇష్టమైన పీట. ఆ పీట మీద మట్టి పట్టిన నాచు తివాచీ పరుచుకుంటే పిల్లకు కాలు మోపే చోటుండదు. కాబట్టి నాచు అంతా శత్రువని చెప్పడానికి లేదు. పొరలా ఉండే నాచు పగడాన్ని పిలుస్తుంది, పొదలా ఎదిగేది తరిమేస్తుంది. ఏది మిగలాలో తేల్చేది మేత.

చిలుక చేపకు పళ్ళన్నీ కలిసి ముక్కులాంటి గట్టి అంచు ఏర్పడి ఉంటుంది. అది దిబ్బను కొరికితే రాతి మీద తెల్లటి గాటు పడుతుంది. నాచుతో పాటు సున్నపురాయి కూడా గొంతులోకి పోయి, అక్కడి దవడల మధ్య నలిగి, ఇసుకై బయటికి వస్తుంది. సర్జన్ ఫిష్ గుంపులు నాచును పైపైన కత్తిరిస్తూ పోతాయి. కరేబియన్‌లో వీటితో సమానంగా పనిచేసింది డయడీమా అనే నల్లటి సీ అర్చిన్. సన్నటి పొడవాటి ముళ్ళతో ఉండే ఈ ప్రాణి పగలు రాతి సందుల్లో దాక్కుని రాత్రి మేతకు బయలుదేరుతుంది. తెల్లవారేలోపు ఇంటికి చేరాలి కాబట్టి మరీ దూరం పోదు. అందుకే గడ్డి నేల మధ్య ఉన్న చిన్న దిబ్బల చుట్టూ గీసినట్టు ఒక బోడి వలయం ఉండేది. ఆ వలయం ఈ ప్రాణుల మేత హద్దని 1973లో సెయింట్ క్రోయ్ ద్వీపంలో జాన్ ఆగ్డెన్ బృందం చూపింది. అక్కడే ఒక చిన్న దిబ్బ మీది డయడీమాలన్నిటినీ ఏరి తీసేస్తే నాచు గుబురుగా పెరిగింది.

జమైకాలో జరిగినది

జమైకా ఉత్తర తీరంలో దిబ్బ సన్నగా, ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది. తీగ అల్లిక బోనులతో చేపలు పట్టే బెస్తలకు అది చేతికందే దూరం. 1960ల చివరికే అక్కడి చేపల మొత్తం బరువు బాగా పడిపోయింది. చిలుక చేపలు, సర్జన్ ఫిష్‌లు చిన్నవే మిగిలాయి. డయడీమాను తినే చేపలూ తగ్గిపోయాయి. తినేవాళ్ళు, మేతకు పోటీ వచ్చేవాళ్ళు ఇద్దరూ తగ్గేసరికి డయడీమా విపరీతంగా పెరిగింది. చేపలు వదిలేసిన మేతను అది అందుకుంది. అందువల్ల దిబ్బ పైకి ఆరోగ్యంగానే కనిపించింది.

1980 ఆగస్టులో అలెన్ తుపాను వచ్చి లోతు తక్కువ చోట్ల కొమ్మల పగడాలను పిండి చేసింది. అయినా ఆ తర్వాత కొత్త పగడాలు పుట్టాయి, దిబ్బ తేరుకోసాగింది. 1983 జనవరిలో పనామా కాలువ కరేబియన్ ముఖం దగ్గర డయడీమాలు చావడం మొదలైంది. ఏడాది కాస్త దాటేసరికి ఆ తెగులు ప్రవాహాల వెంట కరేబియన్ అంతా పాకింది. చాలా చోట్ల నూటికి 90కి పైగా చచ్చిపోయాయి. ఆ తెగులును తెచ్చిన క్రిమి ఏదో అప్పట్లో తేలలేదు. జమైకాకు అది 1983 నడిమికి చేరింది. తుపాను తర్వాత మొలిచిన పగడాలను నాచు ముంచేసింది. టెర్రీ హ్యూస్ 1994లో ‘సైన్స్’ పత్రికలో లెక్కలు ప్రకటించాడు. 1977లో దిబ్బను సగటున 52 శాతం కప్పిన పగడం 1990ల ఆరంభానికి 3 శాతానికి దిగింది. 4 శాతం ఉన్న నాచు 92 శాతానికి ఎగబాకింది.

ఈ వినాశానికి కారణమేది? తుపాను అందామంటే, దాని తర్వాత మూడేళ్ళు దిబ్బ తేరుకుంటూనే ఉంది. తెగులు అందామంటే, అది పగడాన్ని ముట్టలేదు, చంపింది డయడీమాను. చేపల వేట అందామంటే, అది ఎన్నో ఏళ్ళుగా సాగుతున్నా దిబ్బ నిలిచే ఉంది. నాచును పుట్టించినవి వెలుతురు, బీజాలు, నీటిలోని పోషకాలు. అవి 1982లోనూ ఉన్నాయి, 1984లోనూ ఉన్నాయి. రెండు తేదీల మధ్య మారినదల్లా మేసే ప్రాణి లేకుండా పోవడం.

అభావం మీద మూడు పక్షాలు

ప్రాభాకర మీమాంసకులు అభావాన్ని వేరే పదార్థంగా ఒప్పుకోరు. నేల మీద కుండ లేదంటే ఉన్నది నేల ఒక్కటే. ‘కుండ లేకపోవడం’ అని ఇంకొక వస్తువు అక్కడ కూర్చుని ఉండదు. ఈ లెక్కన దిబ్బ మీద ఉన్నవి రాయి, వెలుతురు, నీరు, నాచు. నాచు పెరగడానికి ఇవే చాలు. డయడీమా లేదన్నది మనం చెప్పుకునే తీరు తప్ప లోకంలో పనిచేసే అంశం కాదు.

న్యాయశాస్త్రం దీనికి ఎదురు నిలుస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయానికి తొలి పాఠ్యపుస్తకం. ద్రవ్యం, గుణం మొదలైన వాటితో పాటు ఏడో పదార్థంగా అభావాన్ని అది లెక్కపెడుతుంది. కార్యానికి ముందు తప్పకుండా ఉండేదే కారణమని నైయాయికుల మాట. ఆ లక్షణంలో కారణం తాకాలనీ కదలాలనీ షరతు లేదు. 10వ శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని పదునుపెట్టాడు. ధ్వంసం కూడా అభావమే, దానికి కారణముందని అందరూ ఒప్పుకుంటారు. అభావం కార్యం కాగలిగినప్పుడు కారణం ఎందుకు కాకూడదన్నది అతని ప్రశ్న.

మూడో పక్షం శంకరాచార్యులది. వేదం విధించిన నిత్యకర్మ చెయ్యకపోతే పాపం కలుగుతుందని కర్మవాదులు అనేవారు. చెయ్యకపోవడం అభావం, పాపం భావం, అభావం నుంచి భావం ఎలా పుడుతుందని ఆయన తైత్తిరీయ భాష్యంలోనూ గీతాభాష్యంలోనూ నిలదీశాడు. నిత్యకర్మ మానడం పాపాన్ని పుట్టించదు, అంతకుముందు పోగుపడిన దుష్కర్మ పక్వానికి వస్తోందని తెలిపే గుర్తు మాత్రమేనని తైత్తిరీయంలో ఆయన సమాధానం.

జమైకా ముందు ప్రాభాకర పక్షానికి ఇబ్బంది ఎదురవుతుంది. ఉన్నవాటి జాబితా మాత్రమే రాసుకుంటే 1982 దిబ్బకూ 1984 దిబ్బకూ నాచు విషయంలో తేడా ఎందుకొచ్చిందో చెప్పలేం. వెలుతురు, పోషకాలు ఒక్కసారిగా మారలేదు. తేడా చెప్పాలంటే మొదటి జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనిదాన్ని పేరుపెట్టి పిలవాల్సిందే. శంకరుల పక్షం మాత్రం అంత తేలిగ్గా పక్కకు పోదు.

మణి, ఉత్తేజకం, పోషకాలు

నిప్పు కాలుస్తుంది. చంద్రకాంతమనే మణిని దగ్గర పెడితే కాల్చదని పాత గ్రంథాల్లో ఒక ఉదాహరణ. నిప్పు అదే, కట్టె అదే, ఫలం మాత్రం లేదు. నిప్పులో ‘శక్తి’ అనే కంటికి కనపడనిదొకటి ఉందనీ మణి దాన్ని చంపేస్తుందనీ మీమాంసకులు అన్నారు. అంత కల్పన అక్కర్లేదని ఉదయనుడి పక్షం. ప్రతిబంధకం లేకపోవడాన్ని కూడా కారణసామగ్రిలో చేర్చుకుంటే సరిపోతుంది. నిప్పు, కట్టె, మణి లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే కాలడం.

నాచుకు మేత ఇలాంటి ప్రతిబంధకం. డయడీమా, చిలుక చేప నాచులోని పెరిగే శక్తిని తీసెయ్యవు. అవి ఉన్న చోట కూడా నాచు ప్రతి రోజూ పుడుతూనే ఉంటుంది, పుట్టినది పుట్టినట్టు కడుపులోకి పోతుంది. అవి పోయిన మరుక్షణం నాచు కొత్త బలమేదీ తెచ్చుకోనక్కర్లేదు. ఉన్న బలానికే అడ్డు తొలగుతుంది.

ఇక్కడ పూర్వపక్షం నుంచి ఒక గట్టి ఆక్షేపణ వచ్చింది. మణి పక్కన ఉత్తేజకమైన ఇంకో మణిని పెడితే నిప్పు మళ్ళీ కాలుస్తుంది. ప్రతిబంధకం ఉండగానే ఫలం వచ్చింది కదా? నైయాయికులు సిద్ధాంతం వదులుకోకుండా మాటను సవరించారు. ఉత్తేజకం తోడు లేని ప్రతిబంధకం ఉండకపోవడమే కారణమని చెప్పారు.

దిబ్బ విషయంలో ఈ సవరణకు సరిగ్గా సరిపోయే వివాదం నడిచింది. జమైకాలో నాచు పెరగడానికి మేత తగ్గడం కన్నా భూమి మీదనుంచి, భూగర్భజలం ద్వారా చేరిన నత్రజని, భాస్వరం ఎక్కువ కారణమని బ్రయన్ లాపాయింట్ 1997లో వాదించాడు. హ్యూస్, మరికొందరు దాన్ని తోసిపుచ్చారు. నైయాయికుల భాషలో పెడితే రెండు పక్షాలూ ఒకే సామగ్రిలోని రెండు అంశాలను పట్టుకున్నాయి. మేత ప్రతిబంధకం, పోషకం ఉత్తేజకం. పోషకాలు మితంగా ఉన్న నీటిలో కొద్ది మేతే నాచును ఆపుతుంది. మురుగు, ఎరువు కలిసిన నీటిలో అంతే మేత చాలదు. ఎక్కడ ఏది నిర్ణాయకమో ఆ తీరాన్ని కొలిచి తేల్చుకోవాలి.

ఏ అభావం లెక్కలోకి వస్తుంది

అభావాలను కారణాలుగా ఒప్పుకుంటే లెక్కకు అంతుండదన్న భయం సహజం. జమైకా దిబ్బ మీద డయడీమాలు లేవు, ఏనుగులూ లేవు. ఏనుగులు లేకపోవడం కూడా నాచుకు కారణమా? న్యాయంలో దీనికి రెండు కట్టుబాట్లు దొరుకుతాయి.

మొదటిది యోగ్యత. ఉంటే కనబడి తీరాల్సిన వస్తువు కనబడనప్పుడే అది లేదని చెప్పగలమని వారి నియమం. ఆ నియమం అభావాన్ని తెలుసుకోవడానికి పెట్టినది. కారణవిచారానికి విస్తరిస్తే, ఆ చోట ఉండదగినదాని అభావమే లెక్కలోకి వస్తుంది. డయడీమా అక్కడ చదరపు మీటరుకు పది దాకా ఉన్న రోజులున్నాయి. ఏనుగు ఎన్నడూ లేదు. కుండకు మట్టి మోసిన గాడిదను నైయాయికులు కారణాల జాబితాలోంచి తీసేసినట్టే దాన్ని తీసెయ్యవచ్చు.

రెండోది అన్వయ వ్యతిరేకాలు: ఉంటే ఫలం ఉందా, లేకుంటే లేదా అని రెండు వైపులా చూడడం. దిబ్బ మీద ఇది చేతితో చేసి చూపగల పరీక్ష. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, ఆర్ఫియస్ ద్వీపం దగ్గర, పెద్ద చేపలు రాకుండా దిబ్బ ముక్కల మీద పంజరాలు కట్టారు. రెండేళ్ళకు పైగా ఉంచేసరికి లోపల సర్గాసం అనే నాచు అడవిలా లేచింది. బయట పంజరం లేని చోట లేవలేదు. ఇది వ్యతిరేకం. తర్వాత పంజరాలు తీసేసి కెమెరాలు పెట్టారు. 2006లో డేవిడ్ బెల్‌వుడ్, హ్యూస్, ఆండ్రూ హోయీ ప్రకటించిన ఫలితం అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఆ నాచు అడవిని కొట్టేసినది చిలుక చేపలు కావు. అక్కడ శాకాహారులుగా పేరున్న 43 జాతుల పాత్ర అంతంత మాత్రమే. పని ముగించినది బ్యాట్ ఫిష్ అనే చేప. అంతవరకు దాన్ని చిన్న చిన్న జంతువులను తినేదిగా లెక్కవేశారు.

‘మేసే ప్రాణులు లేవు’ అన్న మాటను సాధారణంగా వదిలెయ్యకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది. నైయాయికుల అభావానికి ఎప్పుడూ ఒక ప్రతియోగి ఉంటుంది, అంటే ఫలానాదాని అభావం అని చెప్పాలి. మొలక నాచును ఆపే ప్రాణి వేరు, ఎదిగిన నాచును కొట్టే ప్రాణి వేరు. ఒకటి లేకపోతే దిబ్బ పాడవుతుంది, మరొకటి లేకపోతే పాడైన దిబ్బ బాగుపడదు.

బాధ్యత ఎవరిది

అభావం కారణమైనంత మాత్రాన దానికి పాపం అంటదు. ధర్మప్రశ్న ఆ అభావాన్ని తెచ్చినవారి దగ్గర మొదలవుతుంది. శంకరుల మాట పనికొచ్చేది ఇక్కడే. చెయ్యకపోవడం ఒక గుర్తు, ఫలం ముందెన్నడో పోగుపడిన కర్మదన్న ఆయన చూపుతో జమైకాను చదివితే, 1983లో డయడీమా చావు అప్పటికే పేరుకున్న అప్పును బయటపెట్టిందని అర్థమవుతుంది. అప్పు చేపల వేటది. చేపలు పోయిన రోజునే దిబ్బ పడిపోయి ఉంటే కారణం అందరికీ కనిపించేది. డయడీమా వాటి పని అందుకోవడంతో కారణానికీ ఫలానికీ మధ్య ఎన్నో ఏళ్ళ ఎడం ఏర్పడింది. ఆ ఎడంలో వేటకు దోషం అంటలేదు.

అయితే శంకరుల వాదాన్ని దిబ్బ మీద చివరిదాకా నడపలేం. డయడీమాల లేమి ఒట్టి గుర్తే అయితే, వాటిని తిరిగి తెచ్చినా మార్పు రాకూడదు. కానీ 1990ల చివర జమైకా ఉత్తర తీరంలో కొన్ని చోట్ల డయడీమాలు మళ్ళీ పెరిగాయి. అక్కడ నాచు తగ్గి పిల్ల పగడాలు ఎక్కువయ్యాయని పీటర్ ఎడ్మండ్స్, రాబర్ట్ కార్పెంటర్ 2001లో చూపారు. గుర్తును తీసేస్తే రోగం తగ్గదు. ఇక్కడ తగ్గింది. కాబట్టి అభావం గుర్తూ అయింది, కారణమూ అయింది. నిత్యకర్మ చెయ్యకపోవడం విషయంలో శంకరుల వాదం ఎలా ఉన్నా, లౌకిక కార్యాల్లో ఉదయనుడి పక్షమే బలంగా నిలుస్తుంది.

బాధ్యతలో తరతమాలూ ఉన్నాయి. బోను వేసిన బెస్తకు ఆ పూట కూడే ముఖ్యం. తన బోనులో పడిన చిలుక చేపకూ ఎన్నో ఏళ్ళ తర్వాత కమ్మిన నాచుకూ ఉన్న లంకె అతనికి తెలిసే వీల్లేదు. తెలియక చేసినదానికీ తెలిసి మానినదానికీ ధర్మశాస్త్రం ఎప్పుడూ తేడా చూపుతుంది. 1994 తర్వాత ఆ లంకె తెలియదనడానికి వీల్లేదు. బెలీజ్ 2009లో చిలుక చేపలనూ సర్జన్ ఫిష్‌లనూ పట్టకుండా నిషేధించింది. తెలిసిన తర్వాత ప్రభుత్వాలు ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక అభావమే. చెయ్యగలిగినవారి అభావం కాబట్టి యోగ్యత షరతు దానికి పూర్తిగా వర్తిస్తుంది.

అభావాన్ని రానివ్వకపోవడానికి భారతదేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. లక్షద్వీప్ బెస్తలు ప్రధానంగా బయటి సముద్రంలో గాలాలతో ట్యూనా పడతారు, దిబ్బ చేపల జోలికి అంతగా పోలేదు. 1998లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్ద ఎత్తున చచ్చిపోయినప్పుడు, బోడి రాతిని నాచు ఆక్రమించకుండా మేసే చేపలు కాశాయి. చాలా చోట్ల కొత్త పగడం పుట్టింది.

ధ్వంసానికి ముగింపు లేదు

తర్కసంగ్రహం అభావాన్ని నాలుగు రకాలుగా విడదీస్తుంది. వాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. వస్తువు పుట్టకముందు ఉండే ప్రాగభావానికి మొదలు లేదు, అంతం ఉంది. వస్తువు నశించాక ఉండే ప్రధ్వంసాభావానికి మొదలుంది, అంతం లేదు. పగిలిన కుండ మళ్ళీ రాదు, వచ్చేది ఇంకో కుండ.

1983లో చచ్చిన డయడీమాల అభావం అలా శాశ్వతం. దిబ్బ బాగుపడాలంటే కొత్త డయడీమాల ప్రాగభావం ముగియాలి, దానికి వేరే కారణసామగ్రి కావాలి. ఈ ప్రాణులు అండాలనూ వీర్యాన్నీ నీళ్ళలోకి వదులుతాయి. దగ్గర దగ్గరగా గుంపుగా ఉంటేనే అవి కలుస్తాయి. ఎడంగా మిగిలిన నాలుగింటికి సంతానం కష్టం. అందుకే నలభై ఏళ్ళు గడిచినా చాలా తీరాలు కోలుకోలేదు. ఇంతలో 2022లో మరో విడత తెగులు వచ్చింది. దానికి కారణం ఒక ఏకకణ జీవి అని ఈసారి తేలింది.

పగడం వైపు కూడా ఇదే చిక్కు. పీటర్ మంబీ, అలన్ హేస్టింగ్స్, హెలెన్ ఎడ్వర్డ్స్ 2007లో ‘నేచర్’ పత్రికలో గణిత నమూనాతో చూపిన విషయం ఇది: దిబ్బను పగడం ఎక్కువగా కప్పి ఉన్నప్పుడు నాచుకు చోటు తక్కువ కాబట్టి కొద్ది మేతే సరిపోతుంది. పగడం పోయి నాచు పరుచుకున్నాక, అదే మేత పలచబడి ఏ మూలకూ చాలదు. దిబ్బను నిలబెట్టడానికి సరిపోయిన మేత, పడిపోయిన దిబ్బను లేపడానికి సరిపోదు.

మేతకు సాధ్యం కానిదీ ఉంది. వేడెక్కిన నీటిలో పగడం తన కణాల్లోని శైవలాలను పోగొట్టుకుని తెల్లబడి చచ్చిపోతుంది. అందులో మేత ప్రతిబంధకం కాదు, ఎన్ని చిలుక చేపలున్నా వేడి ఆగదు. లక్షద్వీప్‌లోనూ 2010లో, 2016లో వేడి మళ్ళీ వచ్చింది. మేత చెయ్యగలిగేది చచ్చిన రాతిని కొత్త పగడానికి ఖాళీగా అట్టిపెట్టడం వరకే. వేడి దెబ్బకూ వేడి దెబ్బకూ మధ్య పగడం పెరిగే వ్యవధి లేకపోతే ఆ ఖాళీ వల్ల ప్రయోజనం లేదు. ఆ వ్యవధి లేకపోవడం కూడా ఒక అభావమే. దాన్ని తెచ్చినది గాలిలోకి చేరే బొగ్గుపులుసు వాయువు కాబట్టి, బాధ్యుల జాబితా జమైకా బెస్తల దగ్గర ఆగదు, బొగ్గూ చమురూ కాల్చే దేశాలన్నిటికీ విస్తరిస్తుంది.